స్పేర్ స్కర్ట్ కొలతలు

"కళ్లు నెత్తికెక్కాయా?" అని అరిచాను. జిమ్ హాలు అటు చివర్నుంచి సర్రున వచ్చిన హోవర్‌క్రాఫ్ట్ నా బొటనవేలిని గుద్దింది మరి.

"నీ వేలు గీత దాటి ఉంది. పెనాల్టీ నీకే," అంది దాన్ని నడుపుతున్న అమ్మాయి, రిమోట్ దించకుండానే. ఆమె కొప్పులో ఒక స్క్రూడ్రైవర్ గుచ్చి ఉంది.

అంతే, నా పని అయిపోయింది.

మా కాలేజీలో రెండు టీములు. గాలి మీద తేలే రిమోట్ బండి చెరొకటి తయారుచేసి బంతులాట ఆడాలి. అవతలి గోల్లోకి ఎక్కువ బంతులు తోసినవాళ్లే పై పోటీకి వెళ్తారు. ఒక టీముకి నేను కెప్టెన్ని, రెండోదానికి స్క్రూడ్రైవర్. ఇద్దరికీ ఇదే ఆఖరి సంవత్సరం, ఓడితే మళ్లీ అవకాశం లేదు.

బండి కింద చుట్టూ గుడ్డతో కుట్టిన అంచు ఉంటుంది. దాన్ని స్కర్ట్ అంటారు, నవ్వకండి. ఫ్యాన్ గాలి అందులో నిండితేనే బండి తేలుతుంది. మా బండికి అది కుట్టేది మా అమ్మ. మాది టైలరింగ్ షాపు.

ఫైనల్‌కి ముందు అమ్మ మిషన్ మీంచి తలెత్తకుండా అడిగింది. "స్పేర్ దానికి కొలతలు చెప్పరా."

టకటకా చెప్పేశాను.

"కిందటిసారి కంటే పెద్దదయిందేంట్రా?"

"ఎదిగే వయసు కదమ్మా," అన్నాను ఏదో ధ్యాసలో. ఏ ధ్యాసో మీకు వేరే చెప్పాలా?

ఫైనల్లో బంతులు సరిసమానంగా ఉండగా మా స్కర్ట్ పర్రున చిరిగింది. టైమ్ అవుట్ తీసుకుని స్పేర్ విప్పాం. మా పొడుగోడు దాన్ని ఎత్తి పట్టుకుని నోరెళ్లబెట్టాడు.

"ఇది మన బండికా, గుడారానికా? కొలతలిచ్చిన మహానుభావుడెవడ్రా?"

అందరూ నా వైపు తిరిగారు. బండి లేవకపోతే అవతలివాళ్లు గెలిచినట్టేనన్నాడు రిఫరీ. నా ఒక్కడి పరధ్యానానికి టీమంతా మునిగిపోతోంది. ఏడుపొచ్చేసింది.

అప్పుడొచ్చింది స్క్రూడ్రైవర్. స్కర్ట్ అందుకుని తిరగేసింది. అంచునున్న బోల్టు కన్నాల వరస దగ్గర ఆమె వేళ్లు ఆగిపోయాయి.

"ఇది నా బండి స్కర్ట్! కొలతలు ఎవరిచ్చారు నీకు?"

"ఎవరూ ఇవ్వలేదు."

"మరి?"

"రోజూ చూస్తున్నా కదా."

"బండినా?"

"బండిని కూడా," అన్నాను. హాలంతా ఒక్కసారి "ఓ!" అంది. నా చెవులు కాలిపోయాయి.

"రావే, గెలిచేశాం!" అని అరుస్తున్నారు ఆమె టీమువాళ్లు.

"ఇదొక గెలుపా? ఆడి గెలుద్దాం," అంటూ ఆమె స్క్రూడ్రైవర్ నా చేతిలో పెట్టింది. కొప్పులోని క్లిప్పులన్నీ పీకి, ఎక్కువైన గుడ్డను కుచ్చిళ్లుగా మడిచి బిగించడం మొదలుపెట్టింది. జుట్టంతా భుజాల మీద పడింది. నా చెయ్యి ఆగిపోయింది.

"ముందు బోల్టులు బిగించు. తర్వాత చూద్దువుగాని."

బండి లేచింది. ఒక్క బంతి తేడాతో ఓడిపోయాను. కావాలని వదిలేశాననుకునేరు, చచ్చేలా ఆడి ఓడాను. ఆమె గెంతుతుంటే మాత్రం నాకూ గెంతాలనిపించింది.

బయట వాన మొదలైంది. అందరూ వరండాలో నిలబడ్డాం. గ్యాలరీలోంచి చూసిన అమ్మ, మెడలో టేపుతో అక్కడికే వచ్చింది.

"ఆ స్పేర్ నువ్వే ఉంచుకో అమ్మాయ్, పై పోటీకి పనికొస్తుంది."

"థాంక్స్ ఆంటీ. స్కర్ట్ చూసుకోవడానికి మా టీముకి ఒక మనిషి కూడా కావాలి," అంది ఆమె, నన్ను కాక వానను చూస్తూ.

నా గుండె బండిలా తేలిపోయింది.

"తీసుకెళ్లు తల్లీ! పోటీకి కొత్త చొక్కా కుట్టి పంపిస్తా. ఒరేయ్, నీ ఛాతీ ఎంత్రా?"

వంగి నా చొక్కా వైపు చూసుకున్నాను. తెలిస్తే కదా!

"పరాయి బండి కొలతలు నోటికొచ్చు, సొంత చొక్కా కొలత తెలీదు వీడికి!"

"ముప్ఫై ఎనిమిది ఆంటీ. ఎడం భుజం కాస్త కిందికి ఉంటుంది," అంది స్క్రూడ్రైవర్.

అమ్మ కళ్లద్దాలు కిందికి జరిపింది. "నీకెలా తెలుసమ్మా?"

ఆమె నా చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకుని, జుట్టు మెలిపెట్టి కొప్పులో గుచ్చుకుంది. బుగ్గలు ఎర్రబడ్డాయి.

"రోజూ చూస్తున్నా కదా."

అమ్మ మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి, మెడలోని టేపు తీసి సంచిలో వేసుకుంది.

"అయితే ఇక దీంతో నాకేం పని!"