అట్టపెట్టె మేడకు నాలుగు కిటికీలు

మూడు రోజులుగా ఆ ఇంట్లో త్రవ్వకాలు జరుగుతున్నాయి. భూగర్భంలోని మహానగరాలను వెలికితీసే పండితులకు సైతం అంతటి దీక్ష ఉండదేమో! అత్తగారు బీరువాలోని చీరలన్నింటినీ మంచం మీదికి దించి, ఒక్కొక్క మడత విప్పి, దులిపి, మళ్ళీ మడిచి, అనుమానం తీరక మళ్ళీ విప్పుతున్నారు. పరుపు ఎత్తించారు. పెట్టెలు జరిపించారు. ఆమె వెదుకుతున్నది నగ కాదు, ఇంటి దస్తావేజు కాదు. ఒక గోధుమరంగు కవరు. అందులో ఒక ఎక్స్‌రే. పన్నెండేళ్ళ క్రితం కన్నుమూసిన మామగారి ఎడమచేతి ఎక్స్‌రే.

"నువ్వేమైనా చూశావా అమ్మాయ్?" అని మొదటిరోజే అడిగారు కోడల్ని.

"లేదత్తయ్యా," అంది కోడలు.

ఆ మాట పలకడానికి రెప్పపాటు పట్టింది. మోయడానికి మాత్రం మూడు రోజులుగా రెండు భుజాలూ చాలడం లేదు... ఎందుకంటే ఆ చెయ్యి ఎక్కడ ఉన్నదో ఆమెకు తెలుసు. నాలుగు కిటికీల రూపం దాల్చి, కూతురి బడిలో, ప్రదర్శన బల్ల మీద కొలువుతీరి ఉంది.

జరిగినది ఇది. ఇంట్లోని పనికిరాని వస్తువులతో ఏదైనా చేసి తెమ్మని రెండో తరగతి టీచరు పిల్లలను ఆజ్ఞాపించారు. ఆజ్ఞ పిల్లలకు, శిక్ష తల్లులకు అన్నది లోకవిదితమే. కూతురు మేడ కట్టాలని సంకల్పించింది. పొద్దస్తమానం అగ్గిపెట్టెలతో గోడలు కడుతూ ఉంటుందని నానమ్మ దానికి పెట్టిన పేరే 'మేస్త్రి'. తండ్రిగారి బూట్లపెట్టె పక్కకు నిలబడి మూడు గోడలైంది. బొమ్మలు పెట్టుకోవడానికి వెనకవైపు తెరిచి ఉంచారు. నానమ్మ రక్తపోటు మాత్రల ఖాళీ అట్టలు వెండి పెంకులై పైకప్పు ఎక్కాయి. టూత్‌పేస్టు మూతలు పూలకుండీలైనాయి. దర్జీగా బతికిన తాతయ్య వదిలివెళ్ళిన దారపు రీళ్ళు నాలుగు, కోడలు అడగ్గా అత్తగారు స్వహస్తాలతో దానమిచ్చినవి, ముఖద్వారం ముందు స్తంభాలై నిలిచాయి. చక్రవర్తులకు సైతం దక్కని సౌధం. లోటల్లా కిటికీల అద్దాలకే!

అప్పుడు బీరువా పైన, పాత పేపర్ల కట్ట కింద, కోడలి కంటబడింది ఆ కవరు. ఫిల్మును వేడినీళ్ళలో నానబెట్టి రుద్దితే నలుపంతా పోయి అద్దంలా తేలుతుందని ఎక్కడో విన్నది. మేస్త్రి ఒప్పుకోలేదు.

"కడగొద్దమ్మా, నల్లగానే ఉండనీ. లోపల బొమ్మలకి ఎండ తగలదు."

ఆ జ్ఞానానికి తల్లి మురిసిపోయింది. మురిసి, కత్తెర తీసి, ఆ చెయ్యి ఎవరిదని ఒక్క క్షణం ఆలోచించకుండా నాలుగు ముక్కలు కోసి అంటించింది. మిగిలిన అరచెయ్యి చెత్తబుట్టలో పడింది. మర్నాడు మేడ బడికి తరలింది. ఆ సాయంత్రమే, బీరువా పైన కవరు కనబడక, అత్తగారి అన్వేషణ మొదలైంది. నానమ్మ వెదికే కవరుకూ తన కిటికీలకూ చుట్టరికం ఉందని మేస్త్రికి తోచలేదు. తోచిన మనిషి నోరు విప్పలేదు.

మూడో రోజు రాత్రి భోజనాల దగ్గర కొడుకు ముఖం గంభీరంగా పెట్టాడు. అతను మందుల దుకాణంలో పనిచేస్తాడు. ప్రతి మనిషీ ఒక జబ్బుగా కనిపించడం ఆ వృత్తిలోని వరం.

"అమ్మా, మొన్న కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెదికావు. ఇప్పుడేమో ఇది. ఎల్లుండి డాక్టరుకి చూపిద్దాం. మతిమరుపుని మొదట్లోనే పట్టుకోవాలి."

అత్తగారు వాదించలేదు. కూరలో ఉప్పు గురించి అరగంట వాదించగల మనిషి, తల వంచుకుని "సరేరా" అన్నారు. కోడలి చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

మర్నాడు కోడలు బీరువా తుడవబోయి తలుపు తెరిస్తే, లోపల వరుసగా చీటీలు అంటించి ఉన్నాయి. అత్తగారి గుండ్రటి అక్షరాలు. 'తాళాలు కుడి పక్క.' 'గ్యాసు కట్టానో లేదో చూడాలి.' 'మనవరాలి పుట్టినరోజు వానాకాలంలో.' అన్నింటికన్నా అడుగున మరొకటి... 'కోడలికి చెప్పాలి: నేను మరిచిపోయినా విసుక్కోవద్దని.'

కోడలు చీటీలన్నీ మళ్ళీ మొదటినుంచి చదివింది. ఒక మనిషి తన మనసు తన చేతుల్లోంచి జారిపోతున్నదని నమ్మి, జారిపోకముందే ముడులు వేసుకుంటున్నది! ఆ నమ్మకం పెట్టింది ఎవరు? జబ్బు కాదు, ముసలితనం కాదు. అన్నం వడ్డించే చెయ్యే...

ఆ మధ్యాహ్నమే బడికి వెళ్ళి, మేడను తెచ్చి, అత్తగారి ముందు పెట్టింది.

"అత్తయ్యా, మీరేం మరిచిపోలేదు. ఆ ఎక్స్‌రే నేనే కోశాను. మీరు అడిగినప్పుడు తెలిసీ లేదన్నాను."

అత్తగారు కళ్ళజోడు సవరించుకుని ఒక్కొక్క కిటికీలోకీ తొంగిచూశారు. మూడో కిటికీ దగ్గర ఆగారు. అందులో చూపుడువేలు. వేలి కొసన తెల్లగా, బియ్యపుగింజలో సగమంత, ఒక సూదిమొన.

"అరచెయ్యి?"

"చెత్తబండిలో... పోయిందత్తయ్యా."

అత్తగారు మేడను దగ్గరకు జరుపుకున్నారు.

"రీళ్ళు అడిగావు, ఇచ్చాను. ఇదీ అడగొచ్చుగా?"

"అడిగితే ఇచ్చేవారా?"

"ఎందుకిస్తాను? ఇచ్చేదాన్ని కాదు."

ఆ తరువాత ఆమె ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి చెప్పారు. "ఆ రోజు ఆయన మిషను కుడుతున్నారు. ఏదో చిన్నమాటకి కోపమొచ్చి వెనకనుంచి గట్టిగా పిలిచాను. ఆయన తిరిగి చూశారు, కాలు మాత్రం ఆగలేదు. సూది వేల్లోకి దిగి విరిగింది. ముక్క లోపలే ఉండిపోయింది. అడిగినవాళ్ళందరికీ మిషను పాతదైపోయిందని చెప్పారు. పోయేదాకా నా పేరు ఎత్తలేదమ్మా." వేలితో కిటికీని తడిమారు. "నేను చేసిన తప్పు ఆయన మిషను మీదికి నెట్టారు. నువ్వు చేసిన తప్పు నా మతి మీదికి నెట్టావు."

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే కోడలు భరించి ఉండేది. చీరకొంగు నోట కుక్కుకుని నేలమీద కూర్చుండిపోయింది.

అత్తగారే అడిగారు. "అయితే నా బుర్రకేం కాలేదన్నమాట."

"ఏం కాలేదత్తయ్యా."

"మరి కళ్ళజోడు?"

"అది... మీరే మరిచిపోయారు."

"అది అందరూ మరిచిపోతారులే." లేచి, బీరువా తెరిచి, చీటీలు ఒక్కొక్కటే పీకి ఉండచుట్టారు. అడుగున ఉన్నదాన్ని మాత్రం చింపలేదు. తెచ్చి కోడలి చేతిలో పెట్టారు. "ఇది దాచుకో. ఇవాళ కాకపోతే ఎప్పుడో పనికొస్తుంది."

తరువాత మేడను తీసుకెళ్ళి పడమటి కిటికీ గట్టు మీద, తెరిచిన వైపు ఎండకు పెట్టారు. నల్లటి కిటికీల గుండా తాతయ్య వేళ్ళు నేలమీద మసక వెలుగై పడ్డాయి. అందులో ఒక వేలి కొసన చుక్కంత మెరుపు.

వీధి తలుపు చప్పుడైంది. కొడుకు పని నుంచి వచ్చాడు.

"వాడికి నువ్వే చెప్పు. నేను ఇక్కడే ఉంటాను," అన్నారు అత్తగారు, వెలుగు మీదినుంచి చూపు తిప్పకుండా.

కోడలు చీటీని పిడికిట్లో బిగించి, గడియ తీసింది.

"ఏమండీ," అంది. "అత్తయ్య వెదికే కవరు సంగతి..."