కార్డోబాలో పుట్టినరోజు

తార్నాకలో పాల ప్యాకెట్లు వేసే వేళకు ఎయిర్‌పోర్టు నుంచి వచ్చిన క్యాబ్ దిగింది శైలజ. వెనకాల భర్త సంజీవ్ పెట్టెలు దించుతున్నాడు. దారి పొడుగునా అతను మాట్లాడలేదు. అలసట కాబోలు అనుకుంది.

ఆమె యూనివర్సిటీలో చరిత్ర చెబుతుంది. పాత స్పెయిన్ పాఠం వచ్చినప్పుడల్లా కార్డోబా నగరాన్ని కళ్లతో చూసినట్టే వర్ణించేది. అందుకే యాభయ్యో పుట్టినరోజుకు సంజీవ్ అక్కడికి చిన్న ప్రయాణం కుదిర్చాడు. అప్పటికే ఆమె తండ్రి లక్ష్మయ్య మంచాన పడి ఉన్నాడు. తమ్ముడు భూపాల్ మల్కాజ్‌గిరి నుంచి వచ్చి చూసుకుంటానన్నాడు గానీ, ఆ మాటలో ఇష్టం లేదు. శైలజ గమనించనట్టే ఉండిపోయింది.

ఇంటి తలుపు తీసే ఉంది. ముందుగదిలో తండ్రి మంచం లేదు. గోడవారన దీపం వెలుగుతోంది. పక్కనే చాప మీద గుండుతో భూపాల్ కూర్చుని ఉన్నాడు.

శైలజ గుమ్మం పట్టుకుంది. "ఎప్పుడు?"

"నీ పుట్టినరోజు నాడు అక్క. పొద్దుగాల."

ఆమె భర్త వైపు తిరిగింది. ఆ రోజు కార్డోబాలో పాత మసీదు ముంగిట, నారింజ చెట్ల కింద ఉన్నారు. సంజీవ్ ఫోన్ పట్టుకుని పక్కకు వెళ్లి, తిరిగొచ్చి కంట్లో దుమ్ము పడిందన్నాడు. ఆ తర్వాతే ఆమెను నవ్వమని ఫొటోలు తీశాడు. సాయంత్రం కేకు కోయించాడు. ఎంత తొందరపడ్డా కడసారి చూపు దక్కదని తెలిసి, చెప్పడానికి నోరు రాలేదని ఇప్పుడు నసిగాడు.

"దహనం ఒక్క రోజు ఆపలేకపోయినవా?" తమ్ముణ్ని అడిగింది శైలజ.

భూపాల్ తల ఎత్తలేదు. "ఆపొచ్చు. బావ గూడ ఆపమని బతిమాలిండు. నేనే వద్దన్న. బాపు గిట్లుంటే నువ్వు పోయినవని కోపముండె. కడసారి చూడకపోతేనే నీకు ఆ బాధ తెలుస్తదనుకున్న."

శైలజ బయటికి నడిచింది. కాళ్లు అలవాటుగా క్యాంపస్ వైపు తీసుకెళ్లాయి. చెట్ల కింద ఒక సిమెంటు బెంచీ మీద కూలబడింది. తమ్ముణ్ని తిట్టడానికి మాటలు కూడదీసుకుంటుంటే, బయల్దేరిన రోజు కళ్లముందుకొచ్చింది. మంచంలోంచి తండ్రి ఆమె చున్నీ పట్టుకుని వదల్లేదు. ఒక్కో వేలూ విడిపించుకుని క్యాబ్ ఎక్కింది. ఆ సంగతి భర్తకు కూడా చెప్పలేదు.

కర్మ చేస్తున్నవాడు ఇల్లు కదలకూడదంటారు. అయినా భూపాల్ వెతుక్కుంటూ వచ్చి కాస్త దూరంలో నిలబడ్డాడు.

"బాపు నన్నడిగిండా?" అంది శైలజ.

"అడిగిండు. క్లాసుకు పోయింది, వస్తదని చెప్పిన. సరేనన్నడు. పానం పోయేదాక తలుపు దిక్కే చూసిండు. నేను చేసింది మాఫ్ చేసేది కాదు అక్క."

"నన్ను పోనియ్యకుండ పట్టుకున్నడు రా," అందామె. "విడిపించుకొని పోయిన. నీకు కోపం రాకుంటే ఎవరికొస్తది?"

భూపాల్ నిలబడ్డచోటే కూలిపోయాడు. శైలజ బెంచీ దిగి మట్టిలోనే పక్కన కూర్చుని, ఆ గుండు తలను ఒళ్లోకి తీసుకుంది. క్లాసులకు పోయే పిల్లలు తిరిగి తిరిగి చూస్తూ వెళ్తున్నారు. తండ్రి పోయాక భూపాల్ గొంతెత్తి ఏడవడం అదే మొదలు. ఆమె అతణ్ని ఊరుకోమనలేదు, తనూ ఏడ్చింది.