చివరి షెడ్డులో ఫోర్కు మూత

ఆ సందు చివరి మెకానిక్ షెడ్డు పేరెత్తితే ఇప్పటికీ జనం మాట మార్చేస్తారు. పొద్దుపోయాక అటు వెళ్లాల్సినవాళ్లు, చుట్టూ తిరిగైనా సరే, పక్క వీధిలోంచే పోతారు. మూసిన షట్టర్ వెనకాల ఎవరో పానా తిప్పుతున్న చప్పుడు వినిపిస్తుందట. కిర్రు... ఆగుతుంది. మళ్లీ కిర్రు...

ఆ షెడ్డు నడిపిన మెకానిక్ పాత మోటార్ సైకిళ్లకు పెట్టింది పేరు. అలాంటి బండి ముందు చక్రానికి రెండు పక్కలా ఉండే ఫోర్కు గొట్టాల్లోంచి స్ప్రింగు తీయాలంటే అతను, అతని బామ్మర్ది ఇద్దరూ ఉండాల్సిందే. గొట్టంలో పొడవాటి స్ప్రింగు అణిగి కూర్చుని ఉంటుంది. దానికి అడ్డం పైనున్న మూత ఒక్కటే. బావ పానాతో మూత తిప్పుతాడు. బామ్మర్ది ఆ మూత మీద చెక్కముక్క పెట్టి, గుండెలు ఆనించి, ఒళ్లంతా బరువేసి నొక్కుతాడు. మరలన్నీ వదిలాక మెల్లగా లేస్తాడు. స్ప్రింగు కూడా అతనితోపాటే మెల్లగా పైకొస్తుంది.

"తిన్నదంతా ఇందుకే పనికొస్తోందిరా నీకు," అని బావ ఏడిపించేవాడు. బామ్మర్ది భారీ మనిషి మరి.

ఒక సాయంత్రం, కుడివైపు ఫోర్కు మూత ఎగిరి బావ కణతకు తగిలింది. అక్కడికక్కడే ప్రాణం పోయింది.

"ఒక్కడే తీయబోయాడు... ఎంత మొండితనం!" అన్నారు అందరూ. భార్య కూడా నమ్మింది. ఏడుస్తూనే పోయినవాణ్ని నోటికొచ్చినట్టు తిట్టింది. బామ్మర్ది తలవంచుకుని విన్నాడు. ఆ సాయంత్రం తను అక్కడ లేనని చెప్పాడు కదా.

కానీ ఉన్నాడు. జేబులో ఫోన్ మోగితే, ఎవరా అని చూడబోయి పట్టు సడలించాడు. అంతే... బావలో చలనం లేకపోవడం చూసి, వెనక తలుపులోంచి పరుగెత్తాడు.

బండి రెండు నెలలు అలాగే దుమ్ముకొట్టుకుని ఉండిపోయింది. "ఆ రెండో స్ప్రింగు కూడా తీసి, బండి ఎవరిది వాళ్లకు ఇచ్చెయ్యరా. దాన్ని చూస్తుంటే నా కడుపు తరుక్కుపోతోంది," అని అక్క ఎన్నిసార్లు అడిగినా ఏదో ఒక వంక చెప్పాడు. చివరికి ఒక రాత్రి, ఎవరి కంటా పడకుండా కానిచ్చేద్దామని షెడ్డు తాళం తీశాడు.

లోపల ఒక్కటే బల్బు. బండి చెక్క దిమ్మ మీద ఉంది, ముందు చక్రం గాలిలో. ఎడమ ఫోర్కు మూతకు పానా తగిలించి, చెక్కముక్క పెట్టి ఆనుకున్నాడు. ఒక చేత్తో తిప్పిచూశాడు. కదల్లేదు. ఆయాసపడుతూ పానా వదిలేశాడు.

కిర్రు...

పానా దానంతటదే పావువంతు తిరిగింది.

లేవబోయాడు — మూత కిందనుంచి గుండెల మీదికి తన్నింది! వదిలితే మొహం మీదికే వస్తుంది. గబుక్కున మళ్లీ బరువేసి నొక్కాడు.

కిర్రు... కిర్రు...

తిప్పేవాడు తొందరపడటం లేదు. బావకెప్పుడూ తొందర లేదు.

"వద్దు బావా... వద్దు..."

జేబులో ఫోన్ మోగింది. మోగి మోగి ఆగిపోయింది. ఈసారి చెయ్యి తీసే ధైర్యం చేయలేదు.

తెల్లవారుతుండగా అక్క వెతుక్కుంటూ వచ్చింది. "రాత్రంతా ఫోన్ చేస్తుంటే ఎత్తవేంరా? ఇక్కడేం చేస్తున్నావు?"

"దగ్గరికి రాకక్కా! వదిలానంటే ఎగురుతుంది..." మొత్తం కక్కేశాడు. "ఆరోజు బావ ఒక్కడే లేడక్కా. నేనున్నాను. నేనే... నేనే పట్టు వదిలాను. వదిలేసి పారిపోయాను."

మొగుణ్ని తిట్టిన తిట్లన్నీ ఇప్పుడు ఆమె గుండెలో గుచ్చుకున్నాయి. తర్వాత తమ్ముడి మొహం కూడా చూడకుండా, బల్ల కింద నుంచి ఒక గోనెగుడ్డ లాగి నేల మీద పడేసింది. నూనె ఓడుతూ రెండు పొడవాటి స్ప్రింగులు దొర్లాయి.

"నువ్వు ఎలాగూ రావని, నిన్న మధ్యాహ్నమే పక్క వీధి మెకానిక్‌తో రెండోది కూడా తీయించేశాను. దుమ్ము పడకుండా ఊరికే మూత బిగించి వెళ్లాడు." ఆమె అతని గుండెల కిందున్న మూత వైపు చూసింది. "రాత్రంతా... దేన్ని నొక్కుకుని ఉన్నావురా?"

అతను లేవలేదు.

అతని గుండెల కింద మూత ఇంకా పైకి తన్నుతూనే ఉంది.