కోసిగి సొరవిత్తనాలు

"నేను రాను. తండ్రీకూతుళ్ళు పోయి రాండి."

మహాదేవి ఆ మాట అనేసరికి పెట్టెలు రెండూ గడప దగ్గరికి చేరి ఉన్నాయి. ఇంకో రెండు గంటల్లో ఆదోని నుంచి బస్సు బయల్దేరుతుంది. ఆమె భర్త చంద్రశేఖర్ పనిచేసే పత్తి జిన్నింగు మిల్లువాళ్ళంతా కుటుంబాలతో మైసూరు, ఊటీ పోవడానికి మాట్లాడుకున్న బస్సు. పదమూడేళ్ళ కాపురంలో వాళ్ళు కలిసి చేయబోతున్న మొదటి ప్రయాణం! తల్లి పోయినప్పటి నుంచి మహాదేవి ముఖాన నవ్వన్నది లేదు. కాస్త మార్పుగా ఉంటుందని చంద్రశేఖర్ అందరికంటే ముందు పేర్లు రాయించాడు. ఇప్పుడు ఆమె పెరట్లో పందిరి కింద నిలబడి కదలనంటోంది.

"ఆ సొరసెట్టు కోసరమా?" అన్నాడు అతను, కోపాన్ని గొంతులోనే దాచుకుంటూ.

ఆమె తలెత్తి పందిరి వైపు చూసింది. పెరట్లో వంగ, బెండ, గోరుచిక్కుడు కూడా ఉన్నాయి. వేసవి మొదలైనప్పటి నుంచి ఆమె ఇంటికి కూర కొన్నది లేదు. కానీ ఆమె ప్రాణమంతా పందిరికి వేలాడుతున్న ఒక్క సొరకాయలో ఉంది. ఆ విత్తనం కోసిగిలో ఆమె తల్లి దేవమ్మ దాచుకుంటూ వచ్చింది. దేవమ్మ మిరపకోతలకు వలసపోయిన ఏడు కూడా ఆ గింజలను బూడిదలో కలిపి, గుడ్డలో మూటకట్టి, చెంగున ముడేసుకుని పోయేది. ఏటా సగం కూతురికిచ్చేది. "విత్తనం రెండిండ్లల్లో ఉండాలమ్మా. ఒక తావ పోయినా ఇంకో తావ ఉంటాది" అనేది.

నిరుడు ఉగాదికి ఇల్లు దులుపుతూ అత్త సుంకమ్మ ఆ మూటను పాతగుడ్డ అనుకుని చెత్తలో పారేసింది. కార్తీకంలో దేవమ్మ పోయింది. ఆమె పెట్టె అడుగున దొరికిన మూటలో ఏడే ఏడు గింజలున్నాయి. మాఘంలో అన్నీ నాటితే రెండు మొలిచాయి, ఒకటి బతికింది. ఎండకు పిందెలన్నీ రాలి ఒక్క కాయ నిలిచింది. దాన్ని కొయ్యకుండా, విత్తనానికని గుర్తుగా తొడిమకు ఎర్రదారం కట్టింది మహాదేవి. తల్లి తనకు వదిలిపోయింది ఇంక అదొక్కటే...

బస్సెక్కితే కడుపులో తిప్పే సుంకమ్మ ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది. ఆమె మెల్లగా అంది. "నేనుండాను కదమ్మా. నీళ్ళు పోస్తాలే, పోయిరా."

"నీకు అప్పజెప్పి పోవాలంటేనే నాకు భయం, అత్తా."

ఇంటికి ఎవరొచ్చినా ఆ మూట సంగతి ఎత్తకుండా పంపని మనిషి మహాదేవి. ఏడాదిగా ఆ మాట సుంకమ్మకు కొత్తేమీ కాదు. ఆమె చెంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

చివరికి కూతురు జ్యోతి ఏడ్చింది కాబట్టి మహాదేవి కదిలింది. అడుగున సన్నని చిల్లిలో గుడ్డవత్తి దూర్చిన కుండలను మొక్కల మొదట్లో పెట్టి తానే నింపింది. చుక్కచుక్కగా నాలుగు రోజులు తడి అందుతుంది. "నువ్వు దేన్నీ ముట్టుకోవద్దు అత్తా" అని మరీ మరీ చెప్పి బస్సెక్కింది.

బస్సు బళ్ళారి దాటాక జ్యోతి చెక్కల డబ్బా తెరిచింది. "అమ్మా, భలే కరకరమంటాండాయి. ఆ పెద్ద పళ్ళెంలో ఆరబెట్టినావు కదా."

పళ్ళెం! మహాదేవి చేతిలోని చెక్క చేతిలోనే ఉండిపోయింది.

పెరట్లో ఒకేలాంటి నీలం డ్రమ్ములు రెండు. ఒకదాంట్లో నాలుగు రోజులకొకసారి వచ్చే కొళాయి నీళ్ళు, ఇంకోదాంట్లో బోరు ఉప్పునీళ్ళు. మంచినీళ్ళ మీద స్టీలు పళ్ళెం, ఉప్పునీళ్ళ మీద చెక్కపలక, అదే గుర్తు. నిన్న చెక్కలు ఆరబెట్టడానికి పళ్ళెం తీసింది. మంచినీళ్ళలో దుమ్ము పడుతుందని పలకను తెచ్చి దానిమీద వేసింది. పొద్దున పళ్ళేన్ని తెరిచి ఉన్న ఉప్పునీళ్ళ డ్రమ్ము మీద పెట్టింది. ఆ తర్వాత హడావిడిలో పళ్ళెం ఉన్న డ్రమ్ములోంచే కుండలన్నీ నింపింది.

అంటే తన చేత్తో తానే ఉప్పునీళ్ళు పెట్టింది. ఈ ఎండలో నాలుగు రోజులు ఉప్పు తాగితే చెట్టు నిలుస్తుందా?

ఒక్క ఫోను చేస్తే చాలు. కానీ ఏమని చేస్తుంది? ఏడాదిగా అత్త పొరపాటును పదిమందికీ చెప్పుకున్న నోటితో, ఇప్పుడు నేనే చేశానని ఎలా చెబుతుంది? మైసూరులో దిగాక చేసింది.

"అన్నీ బాగుండాయా అత్తా?"

"బాగుండాయిలే. మీరు ఊరు సూసుకోండి."

"చెట్టు..." అంది మహాదేవి. ఫోను పెట్టేసింది.

ప్యాలెస్‌లో జ్యోతి చూపించిందేదీ ఆమె కంటికి ఆనలేదు. రాత్రి తిండి సయించలేదు. ఊటీ పూలతోటలో అందరూ ఫోటోలు తీసుకుంటుంటే బెంచీ మీద కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుంది. అంత చల్లటి చోట కూడా ఆమె ఒంటికి ఆదోని ఎండే తగులుతోంది. చంద్రశేఖర్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నీ నవ్వు సూద్దామని ఇంత దూరం తెస్తి. నీకిష్టం లేకుంటే ఇప్పుడే పోదాం పా."

ఆ మాటకు ఆమె ఏడ్చేసింది. పళ్ళెం సంగతంతా చెప్పింది. అతను ఇంటికి ఫోను కలిపి ఆమె చేతికిచ్చాడు.

"అత్తా, నేను తప్పు చేసినాను. కుండల్లో పోసింది ఉప్పునీళ్ళు..."

"తెలుసమ్మా" అంది సుంకమ్మ. "మీరు బస్సెక్కిన గంటకే తెలిసింది. మా తుగ్గలిలో సెట్టుకు పోసే నీళ్ళు నాలిక మీద ఏసుకుని సూస్తాం. అలవాటు కొద్దీ సూస్తి. ముట్టుకోవద్దంటివి గానీ, ముట్టుకుంటి. కుండలన్నీ కడిగి మంచినీళ్ళు పోసినా. సెట్టు పచ్చగుండాది, ఏడవద్దు."

"మైసూరు నుంచి నేను ఫోను చేసినప్పుడే చెప్పొచ్చు కదత్తా?"

"నీకు తెలీదేమో అనుకుంటి. తప్పు సేసిన మనిషికి కూడు ఎట్లా దిగుతాదో నాకు తెలుసు. ఏడాదిగా తింటాండాను కదా. నువ్వన్నా నాలుగు మెతుకులు నెమ్మదిగా తినొస్తావులే అని ఊరుకుంటి."

మహాదేవి ఫోనును రెండు చేతులా పట్టుకుంది. అమ్మ విత్తనాన్ని పోగొట్టిందని ఎవరిని ఇన్నాళ్ళు కాల్చుకు తిందో, ఆ మనిషే దాన్ని కాపాడింది. పైగా తన పొరపాటును ఎవరికీ తెలియకుండా కడుపులో పెట్టుకుంది.

ఇంటికి వచ్చిన మూడు వారాలకు కాయ ఎండింది. ఊపితే గింజలు గలగలమన్నాయి. మహాదేవి వాటిని తీసి, ఆరబెట్టి, బూడిదలో కలిపి రెండు మూటలు కట్టింది. మూటలకు తల్లి పాత చీరే చింపింది. ఒకటి తన పెట్టెలో పెట్టుకుంది. రెండోది తీసుకొచ్చి అత్త ముందు కూర్చుంది.

సుంకమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. "నాకొద్దు తల్లీ. మళ్ళీ యాడన్నా పారేస్తే?"

"నువ్వు పారేస్తే నా కాడ ఉంటాయి. నేను పారేస్తే నీ కాడ ఉంటాయి. కోసిగిలో ఇంక నాకెవరుండారత్తా? రెండో ఇల్లు నువ్వే."

సుంకమ్మ ఆ మూటను కళ్ళకద్దుకుని చెంగున ముడేసుకుంది. ఆ పూట అన్నం తింటున్నంత సేపూ ఆమె ఎడమచెయ్యి ఆ ముడి మీదే ఉంది.