గంటల గుహ దారి

వాగు అడుగున మెరిసింది చేప కాబోలనుకుంది పాంగి చిలకమ్మ. చేయి పెట్టి తీస్తే, గుర్రం మెడలో కట్టే ఇత్తడి గంట! పాచి పట్టి, అంచు అరిగిపోయి ఉంది.

పూర్వం కొండమీద గుర్రాల బాటలో పోయేవాళ్లు సగం దారిలోని గుహలో దేవతకు గంటలు కట్టేవారని ముసలివాళ్లు చెప్పగా ఆమె విన్నది. కొండచరియ విరిగిపడి ఆ గుహ ఎప్పుడో మూసుకుపోయింది. ఇప్పుడు ఎస్టేటువాళ్లు ఆ బాటకు అడ్డంగా ముళ్లకంచె వేసి, "ఇక్కడెప్పుడూ దారి లేదు, ఉంటే రుజువు చూపండి" అంటున్నారు. కంచె చుట్టూ తిరిగి లోయ అంచున పోబోయి, కిందటి వానల్లో చిలకమ్మ గుర్రం జారిపడి చచ్చిపోయింది. కాఫీ మూటలు పోతే పోయాయి, చూడి గుర్రం. దాని అరుపు ఇంకా ఆమె చెవుల్లోనే ఉంది.

"వాగులో కొట్టుకొచ్చినాదంటే గుహ పైనే ఉన్నాది. పద వదినా!" అన్నాడు మరిది బొంజుబాబు.

ఏటా విశాఖ నుంచి ఈ కొండల్లో నడవడానికి వచ్చే టీచరు హైమ కూడా వాళ్లతో బయలుదేరింది. నిన్న ఆమెనూ కంచె దగ్గర కాపలావాడు వెనక్కి తరిమాడు.

ముగ్గురూ రాళ్లు పట్టుకుని వాగు వెంట పైకి ఎగబాకారు. జలపాతం వెనక, తీగల చాటున ఓ చీలిక కనిపించింది. అందులోంచి నీరు సన్నగా కారుతోంది. పొట్టమీద పాకుతూ లోపలికి దూరి, హైమ టార్చి వేసింది.

"అమ్మ బాబోయ్!"

కప్పు పొడవునా ఇనుప కొక్కేలు, వాటికి వందలాది గంటలు! గోడవారన గుర్రాలు నీళ్లు తాగడానికి రాతిలో తొలిచిన తొట్లు. నేలబండ మీద తరతరాల డెక్కలు అరగదీసిన గాడి. చిలకమ్మ వంగి ఆ గాడిని అరచేత్తో నిమిరింది.

అంతలో పైన ఎక్కడో భారీ వాన కురిసిందేమో, వాళ్లు వచ్చిన చీలికలోంచి ఎర్రనీరు హోరున పొంగింది.

"నీరొచ్చేత్తన్నాది! పైకి పరిగెట్టండి!" అని అరిచింది చిలకమ్మ.

గుహ పాత ముఖద్వారాన్ని విరిగిపడిన కొండచరియ బండలు ఎప్పుడో మూసేశాయి. చెట్టువేళ్ల సందున మాత్రం ఒక వెలుగు చార. బొంజుబాబు భుజం పెట్టి నెట్టాడు. మట్టి రాలింది, ఒక బండ దొర్లి హైమ పాదం నొక్కేసింది. చిలకమ్మ రాయి ఎత్తి ఆమెను లాగింది. కొక్కేల నుంచి తెంపుకున్న గంటలను మూటగట్టి వీపున వేసుకున్న బొంజుబాబు సందులో ఇరుక్కుపోయాడు. నీళ్లు అప్పటికే నడుముదాకా వచ్చాయి.

"మూట ఒగ్గీరా!"

"కలెక్టరాఫీసులో సూపించాల గదా వదినా!"

"ఇక్కడుంటేనే ఇయి దారికి సాచ్చం. మోసుకెల్తే ఉత్త ఇత్తడి. ఒగ్గీ!"

మూట నీళ్లలో పడింది. ఒకరి చేయి ఒకరు పట్టుకుని బయటపడేసరికి కాళ్లకింద ఉన్నది కంచె లోపలి పాత బాటే!

వాన తగ్గాక, చిలకమ్మ వెళ్లి చెబితే సబ్ కలెక్టరు స్వయంగా కొండెక్కాడు. వంగి గుహలో దూరి, గంటలు చూసి, బండమీది గాడి పక్కన కూర్చుని దాని లోతు వేలితో కొలిచాడు. బయటికి వచ్చాక ఎస్టేటు మేనేజరుతో, "కంచె తీయించండి" అని ఒక్క మాటే అన్నాడు.

తరువాతి సంతరోజున మిరియాల బస్తాలతో గుర్రాలు వరుసగా ఆ బాట దాటాయి. కుంటుతూ వస్తున్న హైమను చూసి చిలకమ్మ తన మరిది గుర్రాన్ని ఆపించింది.

"ఎక్కమ్మా, కాలు నొప్పి గదా."

హైమ నవ్వి తల అడ్డంగా ఊపింది.

"మీరు పదండి. ఈ దారిన నేను నడిచే వస్తాను."