వైశాఖంలో గ్రీజు

కీమన్ హరిపద రాయ్ శవం తెల్లారేసరికి పట్టాల పక్కన దొరికింది. రోజూ లైను వెంట నడిచి బోల్టులు బిగించే మనిషి. తల వెనక తూటా గాయం. స్పానర్ చేతిలోనే ఉంది. ప్రమాదం వస్తే బండిని ఆపడానికి పట్టా మీద పెట్టే టపాకాయల డబ్బా మాత్రం మాయమైంది.

జల్‌పాయిగురిలో కర్నల్ బాగ్చీ బ్రీఫింగ్ మూడు ముక్కల్లో ముగించాడు.

"మధ్యాహ్నం శరణార్థుల బండి వస్తోంది లాహిరీ. అది పడితే జిల్లా తగలబడుతుంది. విదేశీ ముఠాకు కావలసింది అదే. బాంబు వంతెన కింద ఉందని తిలోత్తమ చెబుతోంది."

తిలోత్తమ రెండు వైపులా పనిచేసే మనిషి. ఆమె అందానికి పడిపోయిన ఏజెంట్లలో ఇద్దరు ఇప్పుడు లేరు.

దీపాయన్ లాహిరి గూఢచారి కాకముందు ట్రాక్ ఇన్‌స్పెక్టర్. ఆ పాత ఖాకీయే ఇవాళ మారువేషం. బాంబు స్క్వాడ్ వంతెనంతా వెతికి పెదవి విరిచింది. లాహిరి తిలోత్తమను వెంటబెట్టుకుని లైను వెంట నడిచాడు. వంపు దగ్గర ఆగిపోయాడు. పట్టాలను కలిపే ఫిష్‌ప్లేట్ల అంచున కొత్త గ్రీజు మెరుస్తోంది.

వెధవలు! జాయింట్లు విప్పి గ్రీజు పెట్టేది చలికాలంలో. ఈ ఎండల్లో ఆ పని చేసే గ్యాంగు ఎక్కడా ఉండదు.

వంగి చూశాడు. ఎండకు పట్టా సాగడానికి వదిలే సందులో ఉక్కు ముక్క దిగ్గొట్టి ఉంది. పక్క జాయింట్‌లోనూ అంతే. పెన్నులాంటి థర్మామీటర్ ఆనించాడు. పట్టా నిప్పులా కాలుతోంది. గజానికి తొంభై పౌన్లు తూగే ఉక్కు, సాగడానికి చోటు లేక అప్పుడే పక్కకు వంకర తిరుగుతోంది. బాంబెందుకు, సూర్యుడు చాలు!

"తెలివైనవారే లాహిరీబాబూ!" తిలోత్తమ చేతిలో పిస్తోలు. "కదలకండి. ఎర్ర జెండా ఊపినా లాభం లేదు. దొంగల భయానికి డ్రైవర్లు ఆగడం మానేశారు."

"టపాకాయ పేలితే ఆగుతారు. హరిపద డబ్బా నీ బ్యాగులోనేగా?"

"అయితే?"

"ఆ బండిలో మీ అమ్మ ఉంది. నిన్ననే సరిహద్దు దాటింది. రెండో పెట్టె. మీవాళ్ళు చెప్పలేదా?"

"అబద్ధం!"

"సరే, కాల్చు."

దూరంగా కూత వినిపించింది. తిలోత్తమ మొహం పాలిపోయింది. బ్యాగు అతని మీదికి విసిరేసింది.

లాహిరి బండికి ఎదురు పరుగెత్తాడు. ఊపిరి అందడం లేదు. జీవితంలో ఎప్పుడూ ఇంత భయపడలేదు. టపాకాయలు పట్టాకు బిగించి గట్టు కిందికి దూకాడు. వరసగా పేలాయి. బ్రేకులు కీచుమన్నాయి. వంకర తిరిగిన పట్టాకు బారెడు దూరంలో ఇంజను ఆగింది.

కిటికీల నిండా ఏడుస్తున్న పిల్లలు. తిలోత్తమ "మా! మా!" అని తల్లిని కేకేస్తూ రెండో పెట్టెలోకి ఎక్కింది. ప్రతి మొహమూ వెతికి, చాలాసేపటికి దిగి వచ్చింది.

"మా అమ్మ ఏది?"

లాహిరి ఆమె చేతిలోంచి పిస్తోలు మెల్లగా తీసుకున్నాడు.

"పెట్టె నిండా అమ్మలే ఉన్నారు," అన్నాడు. "మీ అమ్మ ఒక్కతే లేదు."