మా విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళు

ఈ మధ్య పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతున్నాను. తెలిసినవాళ్ళ పేర్లు నోటిదాకా వచ్చి ఆగిపోతున్నాయి. ఇది కూడా పోకముందే రాసిపెట్టాలి.

తొంభై తొమ్మిదిలో నేనూ, మా తోడికోడలు వీరమ్మా నరసాపురంలో లేసు వ్యాపారం చేసేవాళ్ళం. ఇద్దరికీ భర్తలు పోయారు, పిల్లల్లేరు. ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. గోదావరి అవతలి ఊళ్ళలో ఆడవాళ్ళకి దారం ఇచ్చి, అల్లిన ముక్కలు తెచ్చుకునేవాళ్ళం.

ఆ రోజు ముసురు. రాజోలులో పని చూసుకుని సఖినేటిపల్లి రేవుకు చేరేసరికి మధ్యాహ్నమే చీకటి కమ్మింది. గాలి ఎక్కువైందని జనాన్ని నది దాటించే పంటు ఆపేశారు.

వీరమ్మకి షుగరు. పొద్దున్న మాత్ర వేసుకుంది, అన్నం తినలేదు. చేతులు వణుకుతున్నాయి.

"అక్కా, కళ్ళు తిరుగుతున్నాయి."

"మాత్ర గుర్తుంటుంది గానీ అన్నం గుర్తుండదేం నీకు?"

"నువ్వు తిననిస్తేగా! ఇంకో ఇల్లు, ఇంకో ఇల్లు అని తిప్పావు."

రేవుగట్టు కింద తాటాకుల పాకలో లాంతరు వెలుగుతోంది. చేపల పులుసు వాసన. అంతకుముందు అక్కడ హోటలు చూసిన గుర్తు లేదు. అప్పటికి నాకీ మరుపు రాలేదు.

లోపల నేల మీద వరసగా జనం. అరిటాకుల్లో అన్నం. ఎవరూ మాట్లాడటం లేదు. నమిలే చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

"కూర్చోండమ్మా. మీకూ వేశాను," అంది వడ్డించే ఆవిడ.

ఖాళీగా రెండు విస్తళ్ళు. వీరమ్మ గబగబా కూర్చుని అన్నం కలిపేసింది. నేను వంగేసరికి పులుసు వాసన కింద ఇంకో వాసన తగిలింది. తడిసి కుళ్ళిన గోనెసంచి వాసన...

అప్పుడు చూశాను. తిన్నవాళ్ళు ఆకులు మడుస్తున్నారు. మనం మామూలుగా మన వైపుకి మడుస్తాం. అవతలికి మడిచేది దినం భోజనాల్లోనే.

అక్కడ ప్రతి ఆకూ అవతలికే మడిచి ఉంది.

వీరమ్మ చెయ్యి పట్టుకున్నాను. ముద్ద జారి ఆకులో పడింది.

"నోట్లో పెట్టుకున్నావా?" గుసగుసగా అడిగాను.

"ఇంకా లేదక్కా..."

"లే. మాట్లాడకు."

లేచాం. గుమ్మం దాటుతూ వీరమ్మ అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి, "వెళ్ళొస్తామండీ" అనేసింది.

దినం జరిగే ఇంట్లో ఎవరూ అనని మాట.

ఆవిడ నవ్వింది. "మీ ఆకులు తియ్యనులెండి."

బయటికొచ్చి ఒక్కసారి తిరిగి చూశాను. మా విస్తళ్ళ ముందు ఇద్దరు ఆడవాళ్ళు కూర్చున్నారు. వీపులే కనిపిస్తున్నాయి. ఆత్రంగా తింటున్నారు.

టిక్కెట్ల షెడ్డులో వీరమ్మని పడుకోబెట్టాను. పక్కింటి జ్ఞానమ్మ మనవడి కోసం కొన్న జీళ్ళు ఒక్కొక్కటే ఆమె నోట్లో పెట్టాను. కాసేపటికి గాలి తగ్గి పంటు కదిలిన చప్పుడైంది. ఆమెని లేపలేకపోయాను. అదే ఆఖరి పంటు.

తెల్లారింది. వీరమ్మ తేరుకుంది. గట్టు కింద పాక లేదు... బురద. మొదటి పంటు ఎక్కబోతుంటే దాన్ని నడిపే సరంగు మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"ఏంటమ్మా, ఇటెప్పుడొచ్చారు? రాత్రి ఇద్దర్నీ నేనే కదండీ చెయ్యిచ్చి ఎక్కించింది?"

మేం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేదు.

ఇంటికి చేరేసరికి జ్ఞానమ్మ గోడ అవతల గిన్నెలు తోముతోంది.

"అదేంటమ్మా, బయటున్నారు? రాత్రంతా ఇద్దరూ ఒకటే వాంతులు! తలుపైతే తీశారు గానీ ఒక్క మాటా మాట్లాడలేదు. నేనిచ్చిన మజ్జిగైనా తాగారా? తెల్లారగట్ల చప్పుడు ఆగిపోతే, ప్రభువు దయవల్ల నిద్రపట్టిందిలే అనుకున్నాను..."

తాళంచెవి నా బొడ్లోనే ఉంది. తలుపుకి తాళం లేదు. తోశాను. లోపల గడియ వేసి ఉంది.

వీరమ్మ నా చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది.

"అక్కా... కొట్టకు."

నేను కొట్టలేదు.

లోపల ఎవరో నెమ్మదిగా నడిచొచ్చి, గడియ తీస్తున్నారు...